మూడో చరణం

ఊరి కథోలిక గుడి ఉపదేశి ఇన్నయ్య మాస్టర్ ఆ గుడి హార్మోనియాన్ని ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పెట్టాడు. దానికి దుప్పటి కప్పి, తాను కింద చాప మీద కూర్చున్నాడు. పొద్దున మొదలైన ఈ పంతం పొద్దు వాలుతున్నా సడలలేదు.

"ఆ పాట ఫోన్ల నుంచి తీసేసిందాక ఈ పెట్టె మల్ల గుడి గడప తొక్కది," అన్నాడు.

పొయ్యి ముందు కూర్చున్న కోడలు లూర్దమ్మ జొన్నరొట్టె తడుతూనే జవాబిచ్చింది.

"తియ్య మామా."

"మల్ల అను."

"ఎన్నిసార్లు అడిగినా అదే మాట. తియ్య."

అత్త అమృతమ్మ మూలన కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది తక్కువ. మాట్లాడాల్సినవన్నీ మాస్టరే మాట్లాడేస్తాడు కాబట్టి ఆమెకు మిగిలేదీ తక్కువే. కొడుకు శౌరి గడప మీద కూర్చున్నాడు. లోపలికొస్తే తండ్రి, బయటికిపోతే ఊరు. రెండిటికీ మధ్య గడపే క్షేమమనుకున్నాడు పాపం.

"అసలు తప్పంత నీ బొటనవేలుది రా," అన్నాడు మాస్టర్ వాడివైపు తిరిగి.

అది నిజమే. శౌరి ధరూర్ నుంచి గద్వాలకు ఆటో నడుపుతాడు, ఆదివారం గుడిలో తబలా వాయిస్తాడు, మిగిలిన టైములో పెళ్లాం పాటల ఛానెల్ చూసుకుంటాడు. లూర్దమ్మ రాసి, వరుస కట్టి, వనపర్తి స్టూడియోలో పాడిన కొత్త పాటను పాస్కా పండుగ, అంటే ఈస్టర్ రాత్రి విడుదలయ్యేలా పెట్టమంటే, వాడు ఏం నొక్కాడో ఏమో, పోయిన వారం శుక్రవారమే బయటికొచ్చేసింది.

అదీ ఎలాంటి శుక్రవారం! పాస్కాకు ముందు నలభై రోజుల తపస్సుకాలం. ఊరి కథోలికులంతా ఒక్కపొద్దుండి, గుడిలో సిలువ మార్గం చేస్తూ మోకాళ్ల మీద ఉన్నారు. పాస్కా రాత్రి దాకా వాళ్ల నోట అల్లెలూయా అన్న మాట రాకూడదు. పూజలో కూడా ఫాదర్ ఆ మాట పలకడు. అంత నిష్ఠగా దాచుకునే మాట, వీళ్లు గుడి మెట్లు దిగేసరికి వీధిలో ప్రతి ఫోన్లోనూ మోగుతోంది. కిరాణా కొట్టు జావేద్ అయితే పాట బాగుందని దాన్ని రింగ్‌టోన్ కూడా పెట్టుకున్నాడు.

"తపస్సుకాలంల అల్లెలూయ ఏంది? ఏ ఊర్లనన్న ఉందా? గదీ నా ఇంట్ల నుంచే రావాల్నా?"

"అది తప్పే మామా. నేను కాదన్ననా? ఫాదర్ కాడికి పోయి పాపసంకీర్తనంల గూడ నా తప్పు చెప్పుకొచ్చిన. దేవుడే ఇడిసిపెట్టిండు, నువ్వు ఇడుస్తలేవు."

"తప్పని ఒప్పుకున్నదానివి తీసెయ్యి మరి."

"తప్పు దినానిది. పాటది కాదు."

ఇన్నయ్య మాస్టర్ ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. ఎండలు ముదిరాయి. ఫ్యాను తిరుగుతోంది కాని గాలి అంతా హార్మోనియానికే తగులుతోంది.

లూర్దమ్మ పెనం మీది రొట్టె తిప్పేసి, లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పు మామా. నీ కోపం అల్లెలూయ మీద కాదు. మూడో చరణం మీద."

శౌరి తల దించుకున్నాడు. అమృతమ్మ చేతిలో పల్లికాయ చిట్లింది.

క్రీస్తు సమాధి దగ్గరికి తెల్లవారుజామున బయల్దేరిన ఆడవాళ్ల పాట అది. మొదటి చరణంలో వాళ్లు సుగంధాల గిన్నెలు ఎత్తుకుంటారు. రెండో దానిలో బండరాయి పక్కకు జరిగి ఉండటం చూస్తారు. ఇక మూడోది, తిరిగి లేచిన క్రీస్తు వాళ్లకు ఎదురయ్యాక, ఇలా సాగుతుంది.

మొగోళ్లు గడియేసి మూలకున్నరె అక్కా...
మొదటి మాట మనకే జెప్పిండె అక్కా...

"ఎవరినే అన్నవ్ ఆ మాట?" మాస్టర్ గొంతు లేచింది. "క్రీస్తు శిష్యులను, అపొస్తలులను! వాళ్లల్ల పెద్ద పునీత రాయప్పను! మూలకున్నరంటవా?"

"సువార్తల ఉన్నదే రాసిన. భయపడి తలుపులు మూసుకున్నరని లేదా? ఫాదర్ రాని ఆదివారం నువ్వే సదివి వినిపిస్తివి గదా."

"సదువుడు వేరు, పాడుడు వేరు."

"ఎట్ల వేరు?"

"సదివితే మర్చిపోతరు. పాడితే యాదుంటది!"

అనేసి ఆయనే ఉలిక్కిపడ్డాడు. లూర్దమ్మ నవ్వలేదు.

"గందుకే పాడిన," అంది.

మాస్టర్ లేచి హార్మోనియం మీది దుప్పటి సర్దాడు. ఆయన చెడ్డవాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. రోడ్లు లేని రోజుల్లో ఆ పెట్టెను భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, చదువురాని వాళ్లకు పూజ పాటలు నోటికి నేర్పిన మనిషి. అమరచింత నుంచి కోడలుగా వచ్చిన పిల్లకు గొంతుందని కనిపెట్టి, ఆ పెట్టె ముందు కూర్చోబెట్టి స్వరాలు చెప్పినవాడూ ఆయనే. ఆ తర్వాత ఆ పిల్ల రాసిన పాటలన్నీ పండగల్లో 'ఇన్నయ్య మాస్టర్ బృందం' పాటలుగానే చెలామణి అయ్యాయి. నాగర్‌కర్నూల్ వైపు గుళ్లలో ఇప్పటికీ అవి మాస్టర్ పాటలే. ఆయన అవి తనవని చెప్పుకోలేదు. కావని కూడా చెప్పలేదు. రచన లూర్దమ్మ, గానం లూర్దమ్మ అని పేరు పడ్డ మొదటి పాట ఇదే. అదీ ఇలా పడింది.

"పాడుడు నేర్పిన నీకు," అన్నాడు చివరికి. "ఎదురు మాట్లాడుడు నేర్పలే."

"అది నేను నేర్చుకున్న."

శౌరి జేబులో ఫోను మోగింది. పేరు చూసి వాడు తండ్రి వైపు భయంగా చూశాడు. గద్వాల నుంచి ప్రొటెస్టంట్ సంఘం పాస్టర్ దానియేలు. వాళ్ల సంఘంలో తపస్సుకాలం గొడవ లేదు. పాట వచ్చిన రోజే వినేసి, పండుగ నాటి పెద్ద సభలో పాడమని అప్పుడే ఒకసారి అడిగాడు.

"స్పీకర్‌ల పెట్టు," అంది లూర్దమ్మ. "దాచేదేముంది?"

"సిస్టర్, వందనాలు!" పాస్టర్ గొంతు ఇల్లంతా నిండింది. "మైదానంల స్టేజి ఏస్తున్నం. నీ పాటతోనే సభ మొదలు. పోస్టర్ మీద నీ ఫోటో ఏస్తం. హైదరాబాద్ నుంచి ఛానెలోళ్లు గూడ వస్తున్నరు తల్లీ. ఈ ఒక్క రాత్రితోని నీ పేరు రాష్ట్రమంత తెలుస్తది."

 అబద్ధమెందుకు, లూర్దమ్మకు ఆశ ఉంది. పత్తి చేలో మొగ్గలు గిల్లుతూ పాడుకున్న వరుస అంత పెద్ద స్టేజి ఎక్కుతుందంటే ఎవరికుండదు?

"ఒక్కటే చిన్న మాట సిస్టర్," అన్నాడు పాస్టర్. "ఆ మూడో చరణం జర ఇడిసిపెట్టు. ముందల వరుసల సంఘ పెద్దలు కూసుంటరు. వాళ్లను పట్టుకొని మూలకున్నరంటే బాగుండదు గదా."

ఇన్నయ్య మాస్టర్ మొహం చూడాలి అప్పుడు. జన్మలో మొట్టమొదటిసారి ఒక పాస్టర్ మాట ఆయనకు నచ్చింది. నచ్చినందుకు ఆయనకే సిగ్గేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మూడు చరణాలుంటేనే వస్త అయ్యగారూ," అంది లూర్దమ్మ. "లేకుంటే మీ స్టేజి మీకే ఉండనీ."

"జర ఆలోచించు తల్లీ..."

"ఆలోచించే రాసిన."

శౌరి ఫోను పెట్టేశాడు. "అంత పెద్ద సభ లూర్దూ," అన్నాడు మెల్లగా. "రెండు లైన్లు."

"నీకు గూడ రెండు లైన్లేనా?"

 పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది.

"రేపు పూజ అయినంక ఫాదర్ ముందల తేలుస్త," అన్నాడు మాస్టర్. "మన గుడిల పాస్కా జాగరణకు నువ్వు గొంతు ఎత్తేదుందా లేదా, రేపే తేలాలె."

మరునాడు ఆదివారం. గుడిలో సిలువకూ దేవమాత స్వరూపానికీ తపస్సుకాలపు ఊదా గుడ్డలు కప్పేశారు. హార్మోనియం లేని పూజ చప్పచప్పగా సాగింది. ఆఖరి దీవెన కాగానే ఫాదర్ చిన్నప్ప, "ఎవరూ వెళ్లకండి, కూర్చోండి," అన్నారు. గుంటూరు వైపు మనిషి. ఈ విచారణకు, అంటే ఈ ఊళ్ల చర్చిలకు, కొత్తగా వచ్చారు. ఊళ్లో ఎవరి మాట ఎంత బరువో ఇంకా పూర్తిగా తెలియదు.

కుడివైపు చాపల మీద మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు.

"నేనింతవరకూ ఆ పాట వినలేదు," అన్నారు ఫాదర్. "వినకుండా ఏం చెప్పను? అమ్మా లూర్దూ, ఒకసారి పాడు."

మాస్టర్ లేచి నిలబడ్డాడు.

"ఎట్ల పాడుతది ఫాదర్? చరణానికి రెండు అల్లెలూయలున్నయి. ఈ దినాలల్ల గుడిల ఆ మాట పలకరాదు. పోనీ తీసేసి పాడుమందమంటే, వరుస నిలిచిందే దాని మీద. నేను పెట్టె మీద వాయించి చూసిన. అది లేకుంటే పాట కూలుతది."

చాటుగా వాయించి చూశాడన్నమాట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. లూర్దమ్మకు ఆ కోపంలో కూడా కాస్త గర్వం కలిగింది.

"పాడుత ఫాదర్," అంది లేచి. "పలకరానిది పలక."

కొంగు నడుముకు చెక్కి, కళ్లు మూసుకుంది.

పొద్దు వొడవక ముందె లేద్దమే అక్కా...

అక్కడ ఆగింది. అల్లెలూయా ఎంతసేపు సాగుతుందో అంతసేపూ నోరు మూసుకుని నిలబడింది. తర్వాత మళ్లీ అందుకుంది.

సుగంధాల గిన్నెలు ఎత్తుదమె అక్కా...

మళ్లీ నిశ్శబ్దం. అందరికీ తెలుసు ఆ ఖాళీలో ఏముందో. ఆ శుక్రవారం నుంచి చెవుల్లో మోగుతున్నదే. మాస్టర్ చెప్పినట్టు పాట కూలలేదు. సీడు పత్తి చేలల్లో మొగ్గ గిల్లి పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పోయే ఆడవాళ్లకు ఆ ఆగడం కొత్త కాదు. పాట ఆగినచోట మొగ్గ గిల్లుతారు. గుడిలో కూర్చున్నవాళ్ల వేళ్లు వాటంతట అవే మోకాళ్ల మీద గిల్లుతున్నాయి.

రెండో చరణమూ అలాగే అయింది. బండరాయి జరిగింది, బట్టలొక్కటే లోపల మిగిలాయి.

మొగోళ్లు గడియేసి మూలకున్నరె అక్కా...

ఈసారి నిశ్శబ్దంలో మగవాళ్ల వైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరూ ఎవరినీ చూడలేదు. లూర్దమ్మ కళ్లు తెరిచి, సూటిగా ఫాదర్ వైపు చూస్తూ పాడింది.

మొదటి మాట మనకే జెప్పిండె అక్కా...

"అల్లెలూయ!"

గుడంతా అదిరిపడింది. బొంగురుగా, గట్టిగా, ఎడమవైపు చాపల వెనక వరుస నుంచి వచ్చింది. అమృతమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ బయటికి పోయిన మాట పోయింది.

ముందు ఆమె పక్కనే కూర్చున్న జములమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఫాదర్ చిన్నప్ప పీఠం వైపు తిరిగి, ఆర్పాల్సిన అవసరం లేని కొవ్వొత్తిని శ్రద్ధగా ఆర్పారు.

"ఏందే ఇది?" మాస్టర్ మొహం కందిపోయింది. "తపస్సుకాలంల, గుడిల! ఉపదేశి పెళ్లానివి!"

"వచ్చేసింది," అంది అమృతమ్మ.

"ఎట్లొస్తది?"

"పాట గట్లుంది మరి. పిలిచినంక పలుకకుంటే ఎట్ల?"

ఫాదర్ చెయ్యెత్తారు. నవ్వు దిగమింగుకున్న గొంతుతో, "పాట బాగుందమ్మా," అన్నారు. "నిజంగా బాగుంది. నాకు అభ్యంతరం లేదు. పాస్కా జాగరణలో మహిమ గీతం తర్వాత పాడించుకుందాం. అయితే మాస్టారు పెద్దవారు, సంఘం మాట కూడా వినాలి. ఆ మూడో చరణం ఒక్కటీ పక్కన పెట్టేద్దాం. మొదటి రెండూ చాలు."

 లూర్దమ్మ చిన్నప్పుడు అమరచింత గుడిలో, పాస్కా నాడు కొత్త కొవ్వొత్తి పట్టుకుని నిలబడి కోరుకున్నది ఇదే. తన పాట, ఆ రాత్రి, గుడిలో, తన పేరుతో. ఇప్పుడది చేతికందే దూరంలో ఉంది. తలూపితే చాలు. కుడివైపు చాప మీద నుంచి శౌరి కళ్లతోనే బతిమాలుతున్నాడు, ఒప్పుకో, ఒప్పుకో అని.

పాస్టర్ అడిగింది రెండు లైన్లే. మామ అడిగింది రెండు లైన్లే. మంచివాడు, నవ్వు ముఖంవాడు, ఫాదర్ అడుగుతున్నదీ ఆ రెండు లైన్లే. ఒకరి గుడికి ఇంకొకరు పోరు, ఒకరి ప్రార్థన ఇంకొకరికి నచ్చదు, కానీ ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యం!

"ఫాదర్, మీరంటే నాకు గౌరవం," అంది.   "మొదటి చరణంల ఆడోళ్లు గిన్నెలు మోసిన్రు. రెండోదాంట్ల రాయి జరిగింది. మూడోది లేకుంటే ఏమైతది? మోసినోళ్లు మోసి, చూసినోళ్లు చూసి, ఉత్తగ ఇంటికి మల్లినట్టు అయితది. ఆయన వాళ్లతోని మాట్లాడిండు గదా ఫాదర్. ఆ మాట ఎట్ల తీస్త?"

ఫాదర్ చిన్నప్ప మాస్టర్ వైపు చూశారు. 

"తియ్యవా?" అన్నాడు మాస్టర్.

"తియ్య."

"అయితే అందరి ముందల అడుగుతున్న. ఆ పాట కావాల్నా, నా ఇల్లు కావాల్నా? ఇప్పుడే చెప్పు."

శౌరి సగం లేచి ఆగిపోయాడు. లూర్దమ్మకు భయమేసింది. ఈ ఊళ్లో ఆమెకు ఇంకో గడప లేదు. పుట్టింట్లో అన్న వదినలు రెండో రోజుకే ఎప్పుడు పోతున్నవని అడిగే రకం. అయినా నాలుక తడబడలేదు.

"పాట," అంది.

 మాస్టర్ ఏదో అనబోయేలోగా ఎడమవైపు వెనక వరుసలో అమృతమ్మ చాప మీద చెయ్యి ఆనించి లేచింది. మోకాళ్ల నొప్పులు, లేవడానికి కొంచెం టైము పట్టింది. అంతసేపూ అందరూ చూస్తూనే ఉన్నారు.

"నీ ఇల్లేంది మాస్టర్ సాబ్?" అంది. "ఇందిరమ్మ ఇల్లు అది. ఆడోళ్ల పేరు మీదనే ఇచ్చిన్రు. పునాది తియ్యంగ ఫోటో దిగింది నేను. నా ఇంట్ల నుంచి నా కోడల్ని పొమ్మననీకె నువ్వెవరు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నయ్య మాస్టర్ పెళ్లాం వైపు చూశాడు. అన్నేళ్ల కాపురంలో ఆమె గొంతు ఇంత దూరం వినబడుతుందని ఆయనకు తెలియదు.  ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నాడు.

"మంచిది," అన్నాడు. "ఫాదర్, పాస్కా జాగరణకు నేను లేను. నా పాట లేదు, నా పెట్టె లేదు. నా తోటి వచ్చేటోళ్లు లేవుండ్రి."

వెనక్కి చూడకుండా తలుపు వైపు నడిచాడు.

కుడివైపు చాపల్లో ముందు మాసయ్య లేచాడు. తర్వాత తంబురా మీటే పెంటయ్య లేచాడు. ఒకరి వెనక ఒకరు, ఫాదర్ వారిస్తున్నా, చూపులు తప్పించుకుంటూ లేచారు. పాటల బృందంలో మగ గొంతులన్నీ అవే.

శౌరి కూడా నిలబడి ఉన్నాడు. తలుపు వైపు అడుగు వేయలేదు. ఇటూ రాలేదు. తబలా రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని, చెమటలు కారుతూ నిలబడ్డాడు.

లూర్దమ్మ భర్త వైపు ఒక్కసారి చూసింది. రెండోసారి చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయం. ఆడవాళ్ల చాపల దగ్గరికి వెళ్లి, వాళ్లకు ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

"కూసున్నోళ్లం నేర్చుకుందం," అంది. "మొదటి చరణం నుంచి. అల్లెలూయ కాడ గట్టిగ ఊపిరి పట్టుండ్రి. పాస్కా రాత్రి ఇడుద్దం."